ఊదారంగు బెండ్లు

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరాన మా హాడక్ కోవ్ రేవులో మనిషి మొహం కంటే ముందు అతని బెండు రంగు తెలుస్తుంది. నీళ్ళడుగున లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోను, బోనుకు తాడు, తాడు కొసన పైన తేలే చెక్క బెండు. ఇంటికో రంగు. డయ్యర్లది తెలుపు మీద ఎర్ర పట్టీ. ఆల్వా డయ్యర్ తాత వేశాడు, తండ్రి వేశాడు, ఆల్వా వేశాడు. కొడుకు పేరు కూడా ఆల్వాయే కాబట్టి ఊరంతా వాణ్ణి జూనియర్ అనేవారు. కొరియా యుద్ధానికి వెళ్ళొచ్చినా, లోయిస్‌ను పెళ్ళాడి వేరే ఇల్లు కట్టుకున్నా జూనియర్ జూనియరే. తండ్రి పడవలోనే ఎర కట్టేవాడు.

చివరికి సొంత పడవ కొన్నాడు. మర్నాడు రేవుకు వచ్చి చూస్తే, దాని కప్పు మీద, ఎవరి పడవో తెలిసేలా, తెలుపు-ఎరుపు బెండు బిగించి ఉంది. తండ్రి ముందే వచ్చి బిగించి వెళ్ళాడు. జూనియర్ దాన్ని ఊడదీసి, తండ్రి ఇంటి మెట్ల మీద పెట్టి వచ్చాడు. ఆ వసంతంలో తన బెండ్లన్నిటికీ ఊదా రంగు వేశాడు. మా తీరంలో అంతవరకూ ఎవరికీ లేని రంగు.

రేవులో నవ్వులే నవ్వులు.

"ఏరా జూనియర్, ఈస్టర్ పండగ వెళ్ళిపోయిందిగా! ఇంకా గుడ్లకి రంగులేస్తున్నావా?" అన్నాడు లైమన్ ప్రాట్. మాలో అందరికంటే పెద్దవాడు, నోరు కూడా అంత పెద్దదే.

"నవ్వు పెద్దాయనా. దూరం నుంచే కనపడాలని వేశా, కనపడుతోందిగా."

"మరి పేరు కూడా మారుస్తావా ఏంటి?"

"పిలుపు మీది, మీ ఇష్టం. రంగు నాది."

అప్పుడే ఆల్వా వచ్చాడు. అందరూ ఎర బుట్టల మీదకు వంగారు.

"మా తాత రంగుకి ఏం తక్కువైందిరా?"

"ఏం తక్కువ కాలేదు నాన్నా. అందులో నేనే లేను."

"డయ్యర్ల నీళ్ళలో డయ్యర్ల రంగే తేలుతుంది. వేరే రంగంటే బయటివాడే," అని ఆల్వా వెళ్ళిపోయాడు.

ఏ నీళ్ళు ఏ ఇంటివో కాగితం మీద ఎక్కడా లేదు. అయినా అందరికీ తెలుసు. బయటివాడు వచ్చి బోను దింపితే ముందు వాడి బెండు కర్రకు తాడు మెలేసి ముడేస్తారు. వెళ్ళిపో అని అర్థం. వెళ్ళకపోతే తరవాత కత్తి మాట్లాడుతుంది, తాడు తెగుతుంది.

వారం తిరక్కుండా జూనియర్ బెండ్లకు ముళ్ళు పడ్డాయి. ఆల్వాది ఎడం చేతి వాటం, ఆయన ముడి అవతలి పక్కకు తిరిగి ఉంటుంది. ఎవరు వేశారని ఎవరూ అడగలేదు.

"మీ నాన్న నీకు ఉత్తరం రాశాడ్రోయ్!" అన్నాడు లైమన్.

"చదివా," అని, జూనియర్ ఆ ముళ్ళు విప్పకుండానే బోన్లు మళ్ళీ అక్కడే దింపాడు.

శనివారం చర్చి హాల్లో బీన్స్ విందు. తల్లి వెల్మా కొడుకు పళ్ళెంలో వడ్డిస్తూ గొంతు తగ్గించింది. "తెలుపూ ఎరుపూ వేసేసి, మధ్యలో నీ ఊదా సన్నగా ఓ గీత గీసుకోరాదుట్రా? ఆయన చూసీ చూడనట్టు పోతాడు."

"ఇన్నేళ్ళూ సన్నగానే ఉన్నానమ్మా."

ఆమె ఇంకో గరిటె వడ్డించి పక్క పళ్ళానికి కదిలింది.

జూనియర్ దిగిపోయాక ఆల్వా పడవలో ఎర కట్టే పని నాకు వచ్చింది. అందుకే ఆ సోమవారం జరిగింది నేను కళ్ళారా చూశాను. ఎండ కాస్తోంది. ఆల్వా పడవ ఆపి ఊదా బెండు ఒకటి పైకి లాగి, తాడు కోశాడు. బోను అడుగునే ఉండిపోయింది. జూనియర్ పడవ పక్కకు వచ్చింది. వాడు తండ్రిని తిట్టలేదు. ఇంకో బోను ఎత్తి సరిగ్గా అక్కడే దింపాడు. ఆల్వా దాన్నీ కోశాడు. వాడు మరోటి దింపాడు.

"బోన్లు అయిపోతాయిరా నీకు!"

"కొట్టం నిండా చెక్క ఉంది నాన్నా."

"నా తాళ్ళు ఎదురుగానే ఉన్నాయిగా. కొయ్యవేం? దమ్ముంటే కొయ్యి!"

మా రేవు పద్ధతి అదే. కోసినవాడి తాడు కోయాలి. చుట్టుపక్కల పడవలన్నీ దానికోసమే ఆగి చూస్తున్నాయి. జూనియర్ నడుముకూ కత్తి ఉంది.

"నేనూ కోస్తే నేనూ నువ్వే అవుతా. ఆ మాత్రానికి పాత రంగే వేసుకునేవాణ్ణి."

ఆల్వా చెయ్యి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఆ బోను కూడా పోయింది.

ఆ వేసవంతా ఇదే తంతు. తండ్రి కోసేవాడు, కొడుకు దింపేవాడు. లోయిస్ సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఇంటికొచ్చాక మొగుడితో కూచుని బోన్లకు మేకులు కొట్టేది. రేవులో మొదట వాణ్ణి పిరికిపంద అన్నారు. ఎదురు కోయని మగవాణ్ణి మేం ఎన్నడూ చూడలేదు మరి. ఆగస్టు దాటేసరికి ఆ మాట అనడం మానేశారు. ఒకరోజు లైమన్ డయ్యర్ల నీళ్ళ పక్కనున్న తన బోన్లు కొంచెం అవతలికి జరిపి, "నా కళ్ళు మసకేశాయి, దారి తప్పా," అని అందరికీ వినపడేట్టు అన్నాడు. డయ్యర్ల నీళ్ళ అంచున ఊదాకు కాస్త చోటు దొరికింది. తరవాత ఇంకో ఇద్దరికి కూడా కళ్ళు మసకేశాయి.

చలిగాలి మొదలయ్యాక ఆల్వా ఊదా బెండ్ల పక్కనుంచి తల తిప్పకుండా వెళ్ళడం మొదలుపెట్టాడు. అలసిపోయాడో, మనసు మారిందో నాకు తెలియదు. అడిగేంత చనువు ఆ పడవలో ఎవరికీ లేదు.

మరుసటి ఏడు పోర్ట్‌లాండ్ నుంచి సరుకు కొనే కొత్తమనిషి లారీ వేసుకుని వచ్చాడు. నీళ్ళ మీదకు చూసి, "ఆ ఊదా బెండ్లు కూడా మీవేనా డయ్యర్ గారూ?" అన్నాడు.

ఆల్వా నోట్లో పొగాకు ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చాడు.

"నావి కావు."

"మరెవరివి?"

"వాడికీ నోరుందిగా, వాణ్ణే అడుగు."

జూనియర్ వెనకే పెట్టెలు మోస్తున్నాడు. పెట్టె కింద పెట్టి, తండ్రిని దాటుకుని వచ్చి ఆ మనిషి ఎదురుగా నిలబడ్డాడు.

"విన్నావుగా. నావి. ధర నాతో మాట్లాడు."