తాళం పడిన ఓడగది

పాతకాలపు ఓడలు చూడాలని మా అత్తయ్యగారు సరదాపడితే, కిందటి వేసవిలో విజయవాడ నుంచి ఒక నౌకాయాన మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ ఓడలో నావికుల గదిలా కట్టిన ఓ చిన్న గదిలో ఆవిడ కాసేపు కూర్చున్నారు. నేను పక్క హాల్లో దిక్సూచీలు చూసి వచ్చేసరికి ఆ గదికి తాళం వేసి ఉంది! లోపల చీకట్లోంచి "అమ్మాయ్, ఊపిరాడట్లేదే!" అని అత్తయ్యగారి గొంతు. తలుపు బాదుతూ కేకలు పెట్టాను.

తాళం వేసి భోజనానికి వెళ్ళిన మ్యూజియం ఉద్యోగి తీరిగ్గా వచ్చి తలుపు తీస్తూ, "ముసలాళ్ళని ఇలాంటి చోటికి ఎందుకు తీసుకొస్తారండీ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా, చెమటతో తడిసిపోయిన అత్తయ్యగారే, "తాళం వేసేముందు లోపలికి తొంగిచూడ్డానికి అంత బద్ధకమా నాయనా?" అని నిలదీశారు. అతను క్షమాపణ చెప్పాకే అక్కణ్ణుంచి కదిలారు.

ఆవిడ కోపం అంతటితో పోయింది. నాకు మాత్రం అతనన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వయసు మళ్ళితే సరదాలు ఉండకూడదా?