పారసీక పిల్లి

ప్రార్థనకు గ్రంథం తెరిస్తే పేజీల మధ్య తెల్లని వెంట్రుక. మా పిల్లిది.

చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో, అమ్మా బాపూ డ్యూటీల నుంచి వచ్చేదాకా ఇంట్లో నేనొక్కదాన్నే. తోడు కోసం పిల్లిని కొందామని బాపు హయత్‌నగర్ తీసుకుపోయాడు.

"సయామీస్ తీస్కో బిడ్డా, దినమంత ముచ్చట వెడ్తది. ఈ పర్షియన్ నోరే తెరవది," అన్నాడు దుకాణదారు.

పర్షియా అంటే సండేస్కూల్లో విన్న పారసీక దేశమే! అక్కడే, రాజు సింహాల గుహలో వేయించిన భక్తుణ్ని అవి తినకుండా దేవదూత వాటి నోళ్లు మూశాడు.

"గిదే గావాలె బాపూ. దీని నోరు దేవదూత మూసిండు."

"మరి నీ నోరెవరు మూస్తరే?" బాపు నవ్వాడు.

పిల్లి వచ్చినా ఇల్లు ఎప్పటిలాగే నిశ్శబ్దం. రోజూ బడి నుంచి రాగానే పిల్లి పక్కన మోకరించి, దాని నోరు తెరువమని దేవుణ్ని వేడుకునేదాన్ని. అది ఒక్కసారీ అరవలేదు. పలకరించేవాళ్లు లేని ఆ ఇంట్లో ప్రభువుతో మాట్లాడడం మాత్రం నాకు అలవాటైపోయింది.