హాలీహాక్ మొక్కలకు ఏం వేస్తారు?

హిల్డా క్రాబ్‌ట్రీకి మనుషులు నచ్చరు. తోట చూడడానికి వచ్చే మనుషులైతే అసలే నచ్చరు. అయినా ఏటా జూలై మొదటి ఆదివారం మధ్యాహ్నం వెనక గేటు బార్లా తెరిచి, పక్కనే కుర్చీ వేసుకుని, గడ్డి మీద ఎత్తు మడమల చెప్పులతో తూలుతూ వచ్చే ఒక్కొక్కరినీ చూసి పెదవి విరుస్తూ కూర్చుంటుంది. ఆ రోజు ఊళ్లో పద్నాలుగు ఇళ్ల తోటలు జనం కోసం తెరిచి ఉంటాయి. వచ్చే టిక్కెట్టు డబ్బులు కారుతున్న చర్చి పైకప్పు బాగుచేయించడానికని చెప్తారు. హిల్డా లెక్కలో ఆ పైకప్పు కన్నా వచ్చేవాళ్ల బుర్రలే ఎక్కువ కారుతున్నాయి.

ష్రాప్‌షైర్ కొండల కింద ఉన్న ఆ ఊరి బడిలో ఆమె ముప్ఫై ఒక్క ఏళ్లు వంట చేసింది. ఏ పిల్లాడు బఠాణీలు తినకుండా జేబులో కుక్కుకున్నాడో ఇప్పటికీ చెప్పగలదు. ఆ పిల్లలే పెద్దవాళ్లై పెళ్లాలని వెంటబెట్టుకుని తోటకి వస్తే, "ఏం కెన్నెత్, ఇప్పుడైనా బఠాణీలు మింగుతున్నావా, ఇంకా జేబులోనేనా?" అని నలుగురిలో గాలి తీసేస్తుంది. ఎవరినైనా "బంగారం" అని పిలిచిందంటే వాళ్లకి మూడిందన్నమాటే.

మనుషుల మీద ఖర్చు పెట్టని మెత్తదనమంతా ఆ తోట మీద పెట్టింది. జూన్ వచ్చిందంటే పొద్దున్నే టీ కప్పుతో పెరటి మెట్టు మీద కూర్చునేది. బొద్దు తేనెటీగ ఒకటి ఫాక్స్‌గ్లవ్ పువ్వులోకి తలదూర్చి, వెనక భాగం మాత్రం బయట పెట్టుకుని గింజుకుంటుంటే, కప్పులో టీ చల్లారిపోయినా కదిలేది కాదు. లావెండర్ పొదల మీద తెల్ల సీతాకోకచిలుకలు, హనీసకిల్ తీగ లోపల పిల్లలకి పురుగులు మోసే నల్లపిట్ట, నీళ్ల తొట్టి అంచున ఒక కప్ప, వీళ్లందరికీ ఆమె దగ్గర మర్యాద ఉండేది. "వీళ్లెవరూ నా తోట గురించి అభిప్రాయం చెప్పరు, అందుకే నాకిష్టం" అనేది.

తోట మూల సామాన్లు పెట్టుకునే గుడిసె గోడ పక్కన వరసగా హాలీహాక్‌లు. రెండు నిలువుల ఎత్తు పెరిగి, నల్లద్రాక్ష రంగులో, వెన్న రంగులో సాసరంత పూలు పూసేవి. ఊళ్లో ఇంకెవరింట్లోనూ అవి నడుము దాటి పెరిగిన పాపాన పోలేదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అక్కడ ఆగి, నోరు తెరుచుకుని అడిగేవారు.

"ఏం వేస్తారండీ వీటికి?"

"ఏమీ వెయ్యను. వాటి పని వాటిని చేసుకోనిస్తాను. మీరూ ప్రయత్నించి చూడండి బంగారం."

ఆ తోటకి అసలు పేరు తెచ్చింది మాత్రం ముళ్లెలుకలే. రెండు చేతుల దోసిట్లో ఇమిడే ఆ ముళ్ల జీవులు గుడిసె కింద కాపురం ఉండేవి. పొద్దు వాలే వేళకి బయటికొచ్చి, పొదల కింద బుసబుసలాడుతూ పురుగులు ఏరుకునేవి. వాటి కోసం హిల్డా రోజూ నీలం అంచు సాసరులో పాలు పోసి, అందులో రొట్టె ముక్క నాననిచ్చి పెట్టేది. వాళ్లమ్మ పెట్టింది. ఆ వీధిలో అమ్మలందరూ పెట్టారు. ముళ్లెలుక సాసరు అంచు మీద కాళ్లు వేసి చప్పరించడం చూడడం కోసం హిల్డా తన రాత్రి భోజనం కూడా వాయిదా వేసుకునేది.

అవి మాత్రం ఎక్కువకాలం ఉండేవి కావు. వేసవి సగమయ్యేసరికి ఒకటి ఏ పొద కిందో బిగుసుకుపోయి కనిపించేది. బతికున్న రోజుల్లో భర్త ఆల్ఫ్ గొయ్యి తవ్వేవాడు. ఎక్కడ తవ్వాలో హిల్డా చూపించేది. గుడిసె గోడ పక్కన, హాలీహాక్‌ల మొదట్లో. అలా తొమ్మిదింటిని పెట్టారు.

తప్పెవరిదో హిల్డాకి తెలుసు. పక్కింటి బర్ట్ హాబ్‌డేది. నత్తల మందు నీలం గుళికలు చల్లి, నత్తలతో పాటు వాటిని తిన్న జీవాల్నీ చంపే దుర్మార్గుడు. కంచె మీద నుంచి అతన్ని కడిగి పారేసింది. "నేనా గుళికలు కొన్నదే లేదు హిల్డా" అని అతను మొత్తుకున్నాడు. దొంగ ఏడుపులంది. పద్నాలుగేళ్లు అతనితో మాట్లాడలేదు. కాళ్లు పడిపోయి అతను కూతురింటికి వెళ్లిపోయే రోజున కారులోంచి మళ్లీ అదే మాట అన్నాడు. హిల్డా గులాబీ కొమ్మ కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు.

అతని ఇంట్లోకి ఫెలిసిటీ పెన్‌ఫోల్డ్ దిగింది. లండన్ నుంచి. హిల్డాకి పండగే.

ఫెలిసిటీ తోటంతా కొట్టు సరుకే. తేనెటీగలకి వెదురు గొట్టాల మేడ, దాని మీద ఇత్తడి పేరుపలక. పురుగులకి బంగళా. డబ్బాలో అమ్మే విత్తనాలతో పచ్చిక మైదానం. ముళ్లెలుకలకైతే పలక రాయి కప్పుతో ఒక చెక్క ఇల్లు, లోపల రెండు గదులు.

"కిరాయికిస్తున్నావా బంగారం?" అని కంచె మీద నుంచి అడిగింది హిల్డా.

"ఇంకా ఎవరూ రాలేదండీ" అంది ఫెలిసిటీ, పాపం, నిజంగానే దిగులుగా.

"టెలిఫోన్ పెట్టించకపోయావా మరి. వసతులు చూసుకుని వస్తాయి."

ఈ జోకు ఆమె కసాయి కొట్లో చెప్పింది, పోస్టాఫీసులో చెప్పింది, చర్చి మెట్ల మీద రెండుసార్లు చెప్పింది. మూడేళ్లయినా ఆ చెక్క ఇంట్లో సాలెపురుగు తప్ప ఎవరూ దిగలేదు. ముళ్లెలుకలకి పుస్తకాలు చూసి తోట వేసేవాళ్ల వాసన తెలుస్తుందని హిల్డా సిద్ధాంతం.

ఆ ఏడాది గుడిసె కింద ఒకే ఒక్క ఆడ ముళ్లెలుక మిగిలింది. దాని వెనక మే నెలాఖరులో నాలుగు పిల్లలు వరసగా నడిచాయి. హిల్డా అది చూసి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి అది జరగలేదనే అనుకుందాం. ఆ రోజు నుంచి పాలు రెట్టింపు చేసింది.

తోటలు తెరిచే ఆదివారం ఎండ కాసింది. మధ్యాహ్నం మూడింటికి జనం నిండుగా ఉన్న వేళ, తల్లి ముళ్లెలుక పొద కింది నుంచి గడ్డి మధ్యలోకి నడిచొచ్చింది.

"అయ్యో, ఎంత ముద్దొస్తోందో!" అని అందరూ ఫోన్లు తీశారు.

"చూసుకోండి. లండన్ బంగళాల్లో దొరకదు" అంది హిల్డా, జనంలో నిలబడ్డ ఫెలిసిటీకి వినబడేలా.

ఫెలిసిటీ నవ్వలేదు. మోకాళ్ల మీద కూలబడి దాన్ని చూసింది. అది తూలుతోంది. చెవుల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి.

"హిల్డా, ఇది బాగాలేదు. ఒంట్లో బాగుంటే పట్టపగలు బయటికి రావు. ఏం పెడుతున్నారు దీనికి?"

"పాలు, రొట్టె. ముప్ఫై ఏళ్ల నుంచి. ఏం, నీ పుస్తకంలో లేదా?"

"ఉందండీ" అంది ఫెలిసిటీ చాలా నెమ్మదిగా. "పాలు వాటికి అరగవు. విరేచనాలై, ఒంట్లో నీరంతా పోయి చచ్చిపోతాయి."

కెన్నెత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

హిల్డా నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది, బంగారంతో మొదలయ్యేది. కానీ ఆమె చూపు హాలీహాక్‌ల మీదికి పోయింది. ఎప్పుడో అక్కడే ఏడో గొయ్యి తవ్వుతూ ఆల్ఫ్ పార మీద ఆనుకుని, "పాలు పడట్లేదేమోనే హిల్డా" అన్నాడు. "ఓహో, పశువుల డాక్టరు గారు మాట్లాడారు! మా అమ్మ జన్మంతా పెట్టింది" అని ఆమె అంది. అతను మళ్లీ తవ్వసాగాడు. బర్ట్ హాబ్‌డే కారులోంచి కూడా అదే మాట అన్నాడు, గుళికలు కొన్నదే లేదని.

ఫెలిసిటీ తోటపని చేతి తొడుగులు వేసుకుంది. పక్క ఊళ్లో వీటికి వైద్యం చేసే ఆవిడ ఉందనీ, ఒక పెట్టె, తువ్వాలు, వేడినీళ్ల సీసా కావాలనీ అంది. గెలిచిన మొహం పెట్టి ఉంటే హిల్డాకి ఎంత హాయిగా ఉండేదో, తిట్టుకోవడానికైనా పనికొచ్చేది. ఆ మనిషి మొహంలో భయం తప్ప ఏమీ లేదు.

"బతుకుతుందా?" అని అడిగింది హిల్డా.

"తెలీదండీ. పిల్లలున్నాయా?"

"నాలుగు. గుడిసె కింద." హిల్డా ఇంటి వైపు తిరిగింది. "పెట్టె నేను తెస్తాను. నువ్వు దాన్ని వదిలిపెట్టకు, ఫెలిసిటీ."

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమే పిల్లల్నీ ఏరి అదే పెట్టెలో పంపించారు.

తల్లీ, మూడు పిల్లలూ బతికాయి. ఆగస్టులో వాటిని తెచ్చి వదిలే ముందు హిల్డా రంపం తీసుకుని, ఇరవై ఏళ్లుగా తను కాపలా కాసిన కంచె అడుగున అవి దూరేటంత కంత కోసింది. నీలం అంచు సాసరులో ఇప్పుడు నీళ్లుంటాయి, పక్కన పిల్లుల తిండి. వారం తిరక్కుండానే ముళ్లెలుకలు కంతలోంచి దూరి పలక రాయి కప్పు ఇంట్లో కాపురం పెట్టాయి. "ధనవంతుల ఇంటికి మకాం మార్చారు, సిగ్గులేని ముండలు" అంది హిల్డా.

బర్ట్ కూతురి చిరునామా కనుక్కుని ఒక ఉత్తరం రాసింది. నాన్న ఫిబ్రవరిలోనే పోయారని జవాబు వచ్చింది.

మరుసటి జూలైలో గేటు మామూలుగానే తెరిచింది. పెదవి విరుపు కూడా మామూలే. టోపీ పెట్టుకున్న ఒకావిడ హాలీహాక్‌ల ముందు ఆగి, నోరు తెరుచుకుని తల పైకెత్తింది.

"అబ్బ! ఏం వేస్తారండీ వీటికి?"

హిల్డా కుర్చీలోంచి ఆ నల్లద్రాక్ష రంగు పూల వంక, వాటి మొదట్లో పాత గోతుల వంక చూసింది.

"పాలు, రొట్టె" అంది.