సారింటి కుంపటిలో కడ్డీలు

మా సైన్సు సారు పోయారన్న కబురు పాలు పోసే ఆమె తెచ్చింది. "సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ అడిగిండట, తాగలే," అంది. నేను ఏడవలేదు. ముందుగా నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆయన మీద తను గెలిచాననుకున్న మనిషి ముఖం.

మా బాపు బొగ్గు గనిలో పనిచేసేవాడు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. మంచిర్యాల బడిలో సారు సాయంత్రాలు రేడియో పని నేర్పేవారు, మగపిల్లలకూ మాకూ కలిపే. ఒకనాడు తనిఖీకి వచ్చిన అధికారి నా చేతిలో తీగలు అతకడానికి టంకం వేసే వేడి కడ్డీ చూసి ముఖం చిట్లించాడు.

"ఆడపిల్లల చేతులు కాల్తే ఎట్ల? వీళ్లకు ఒక పెట్టె పంపిస్త," అన్నాడు.

పెట్టె వచ్చింది. టంకం లేకుండానే రేడియో కట్టే విదేశీ సరుకు. రంధ్రాలకు అంకెలు, తీగలకు రంగులు. దాంతో వచ్చిన కార్డులో చెప్పినట్టు తీగ గుచ్చితే పచ్చ దీపం, తప్పయితే ఎర్ర దీపం. మొదటి సాయంత్రమే పాట వినిపించింది, ఎగిరి గంతులేశాం. సారు కార్డు తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఇప్పుడు పాడించుండ్రి."

ఒక్కరికీ చేతకాలేదు.

"పెట్టె మంచిదే బిడ్డా, భయం పోగొడ్తది. కానీ దీపం ఎలిగిందని సంబురపడితే సాలదు. ఎందుకు ఎలిగిందో చెప్పాలె."

అదే మాట ఆయన అధికారికీ చెప్పారు. "పెట్టె ఉన్నంక వీళ్లకు సారెందుకు?" అని ఆ అధికారి మా తరగతి తీసేశాడు. కడ్డీలు మగపిల్లలకు, పెట్టె మాకు.

సారు వాదించలేదు. మమ్మల్ని ఇంటికి రమ్మన్నారు. అక్కడ కరెంటు కడ్డీలు లేవు, కుంపటి ఉంది. మా బొగ్గు ఊళ్లలో పగలంతా కుంపటి ఆరదు. అన్నం గిన్నె పక్కనే రాగి కడ్డీలు కాలేవి. "నా పప్పుల మీ సీసం పడ్డదో, ఆ గిన్నె మీ సారుకే పెడ్త," అని అమ్మ, అంటే సారు భార్య, కసిరేది.

మేమంతా చేసే తప్పు ఒకటుండేది. కడ్డీ మొనకంటిన బూడిద తుడవకుండా టంకం వేసేవాళ్లం. అతుకు పైకి గట్టిగానే కనిపించేది, కరెంటు మాత్రం పారేది కాదు. సారు తడి గోనె చూపించి "బూడిద తుడ్వు పిల్లా" అనేవారు. మేం చేసిన రేడియోలో తనే ఒక అతుకు తెంపి, మా ముందు పెట్టి, చుట్ట వెలిగించుకుని కూర్చునేవారు. "ఎందుకు మాట్లాడ్తలేదో దాన్నే అడుగుండ్రి."

"ఆ అధికారి మీద మీకు కోపం రాదా సారూ?" అని ఒకసారి అడిగాను.

"వస్తది. అందుకే నీకు నేర్పుతున్న."

ఆ మాటను ఇన్నేళ్లూ నేను ఆరనివ్వలేదు. ఆ మనిషిని క్షమించనూ లేదు.

ఇప్పుడు అదే బడిలో నేను సైన్సు చెబుతున్నాను. మా తరగతి అమ్మాయిలు కూడా మొదట ఆ పెట్టెతోనే భయం పోగొట్టుకున్నారు. సంతాప సభలో మాట్లాడటానికి రిటైరైన ఆ అధికారే వస్తున్నాడని తెలియగానే పెట్టె విప్పించాను. దాని లోపలి భాగాలతో అమ్మాయిలు మైకుకు ఆంప్లిఫయరు కట్టారు. కడ్డీలు సారింటి కుంపటిలోనే కాల్చారు. ఈసారి అమ్మ కసరలేదు.

అధికారి మైకు ముందుకొచ్చి "ఆయన నాకు ఆప్తుడు" అన్నాడు. అంతే, మైకు మూగబోయింది.

సారు లాగే నేనూ కూర్చునే ఉన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, అతుకులు ఒక్కొక్కటే వేలితో కదిపి చూసింది. "బూడిద టీచరమ్మా," అంది నాతో. సభకు చాయ్ కాచే పొయ్యిలో కడ్డీ కాల్చుకొచ్చి, తడి గోనె మీద తుడిచి, ఊడిన తీగను అధికారికి అందించింది.

"సార్, జర గిది పట్టుకోండ్రి. కదలకుండ్రి."

పట్టుకున్నాడు. సభంతా చూస్తుండగా, నోరు మూసుకుని, రెండు చేతులతో. అతుకుకు రాసిన గుగ్గిలం కరిగి పొగ లేచి, ఆయన ముఖాన్ని దాటి, దండ వేసిన సారు ఫోటో వైపు మెల్లగా పోయింది.