ఎనిమిది రోజులకని ఇచ్చిన రెండు కత్తులు

ఆ శనివారం ఉదయం చిత్తూరు బజారులో కత్తుల అంగడి ముందు నిలబడ్డాను. షట్టరు దించి ఉంది. నా సంచిలో, చేతిగుడ్డలో చుట్టిన రెండు మడత కత్తులున్నాయి. పక్కనున్న గిన్నెల అంగడాయన నన్ను చూసి లేచి వచ్చాడు.

"భాయ్ ఎప్పుడొస్తాడన్నా?" అని అడిగాను.

"ఇంక రాడమ్మా. మొన్న బేస్తవారం తెల్లారి చనిపోయినాడు. నమాజు చేసుకోని వచ్చి కుర్చీలో కూసోని టీ అడిగినాడంట. కూతురు టీ తెచ్చేలోపల ప్రాణం పోయిండాది."

"కత్తి వాపసు ఇయ్యాల గదన్నా," అన్నాను. ఒక మనిషి పోయాడని చెబితే అనాల్సిన మాట అది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆయన మాత్రం తప్పు పట్టలేదు.

"ఏ కత్తి?" అన్నాడు.

"అదే తెలీదు. రెండిట్లో ఏది నాదో ఈ రోజు భాయే చెప్తానన్నాడు."

ఈ మాట మీకు అర్థం కావాలంటే భాయ్ కత్తులు అమ్మే పద్ధతి చెప్పాలి.

పూతలపట్టు దగ్గర మాకు మామిడి తోట ఉంది. మా ఇంటాయనకు మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు బస్సులో నేనే పోయి వస్తున్నాను. తోటలో ప్రతిదానికీ కత్తి కావాలి. డ్రిప్పు పైపు కోయాలి, మొక్కకు కట్టిన పురికొస తెంచాలి, గోతాం మూతి విప్పాలి, రాలిన కాయను కోసి లోపల పురుగుందేమో చూడాలి. మొదట్లో వంటింటి చాకునే పేపర్లో చుట్టుకొని పోయేదాన్ని. ఒకరోజు బస్సులో కళ్లజోడు కోసం సంచిలో చెయ్యి పెడితే చాకు పేపరు చీల్చుకొని బయటికొచ్చి నా వేలు కోసింది. ఆ కట్టుతోనే మరునాడు భాయ్ అంగడికి పోయాను.

"పెద్దదొకటి చూపించు భాయ్. గట్టిగా ఉండాల."

ఆయన నా వేలి కట్టు వైపు చూశాడు. "ఎవుర్ని పొడిసేదానికమ్మా పెద్దది? నిన్ను నువ్వే పొడుసుకున్నట్ల ఉండావే!"

లోపల సానరాయి దగ్గర కూర్చొనున్న ఆయన కూతురు నవ్వు ఆపుకోవడం వినిపించింది. ఆ తరువాత ఆయన కత్తులేవీ తీయలేదు, ప్రశ్నలు వేశాడు. సంచి ఏ చేత్తో పట్టుకుంటావు? రెండో చెయ్యి ఖాళీగా ఉంటుందా? పులుపు తగుల్తాదా, నీళ్లు తగుల్తాయా? చివరికి, "వాడినాక తుడిసే ఓపిక ఉండాదా? నిజం సెప్పమ్మా. కొనేటప్పుడు అందరూ ఉండాదనే అంటారు," అన్నాడు.

ఉందన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

అప్పుడు రెండు కత్తులు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. కత్తిని ఎప్పుడూ చేతికి అందించేవాడు కాదు. బల్ల మీద పెడితే మనమే తీసుకోవాలి, మనం ఇచ్చేటప్పుడూ అంతే. చేతి నుంచి చేతికి ఇస్తే మాటామాటా వస్తుందని మా ఇంట్లోనూ అనేవారు కాబట్టి నాకు అది కొత్తగా అనిపించలేదు. ఒకటి కట్టె పిడిది. పాత రకం ఉక్కు. తొందరగా పదునెక్కుతుంది కానీ మామిడి పులుపు తగిలితే నల్లబడుతుంది, తుడిచి నూనె పెట్టకపోతే తుప్పు పడుతుంది. రెండోది తుప్పు పట్టని స్టీలు, నల్లటి పిడి. బొటనవేలితో ఒంటి చేత్తో తెరవచ్చు. తెరిస్తే టక్కుమని తాళం పడుతుంది, అది నొక్కితే గాని మడతపడదు. రెండూ నా చూపుడువేలంత పొడవే.

"బస్సులో పొయ్యే మనిషికి ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. రెండూ ఎత్తుకోని పో. ఎనిమిది రోజులు వాడు. ఒకటి నీది, ఒకటి నాది. ఏది ఎవురిదో మళ్లా సూస్తాం."

అదీ ఆయన పద్ధతి. ఒక కత్తికి డబ్బు తీసుకొని రెండు ఇచ్చేవాడు. పేరు అడగడు, రాసుకోడు. "ఎవరైనా తిరిగి రాకపోతే ఎట్ల భాయ్?" అంటే, "కత్తి మొద్దుబారితే యాడికి పోతారమ్మా? ఈడికే రావాల," అన్నాడు.

నాకు ఏ పనైనా గీతలు గీసి రాసుకుంటే గాని తృప్తి ఉండదు. ఒక రోజు కట్టె పిడి, ఒక రోజు నల్ల పిడి తీసుకొని పోయాను. పురికొస ఎన్ని చోట్ల కోశాను, పైపు ఎన్ని చోట్ల, కాయలు ఎన్ని, అన్నీ పుస్తకంలో రాశాను. ఎనిమిదో రోజుకు రెండు వరుసలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. నా పని పద్ధతిగా ఉందన్న గర్వంతో పుస్తకం తీసి భాయ్ ముందు పెట్టాను.

ఆయన కళ్లజోడు పెట్టుకొని మొత్తం చదివాడు. చదివి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "బేటీ, ఇట్లరా. ఇది సూడు. ఇద్దరు కోడళ్లకు ఇంటిపని పంచినట్ల రెండు కత్తులకూ పంచినాది ఈయమ్మ!"

కూతురు వచ్చి చూసింది. "ఏ కోడలు మంచిదో తెల్లేదా అమ్మా?" అంది.

"తెల్లేదు," అన్నాను. నిజంగానే తెలియలేదు.

"యాడ తెలుస్తాది?" అన్నాడు భాయ్. "ఎంచేది నువ్వు గాదమ్మా, నీ చెయ్యి. రోజుకొకటే సంచిలో ఏసుకుంటే చెయ్యి దేన్ని ఎంచుతాది? రెండూ ఒకే సంచిలో ఎయ్యి. రాయొద్దు, లెక్కపెట్టొద్దు. ఎనిమిది రోజులాగి తీసుకోని రా. ఏది నచ్చిందో నాకు సెప్పొద్దు. అలుగు సూసి నేనే సెప్తా."

ఆయన చెప్పగలడు. ఎవరు ఏ కత్తి తెచ్చినా ముందు వెలుతురుకు ఎత్తి అలుగు మీద, అంటే కత్తి రేకు మీద, గీతలు చూసేవాడు. తరువాత కళ్లు మూసుకొని చెవి దగ్గర పెట్టి మడిచేవాడు. ఆ చప్పుడు విని, "దీన్ని కొబ్బరి మట్టకు వాడినావప్పా, మడత వదులైంది," అనేవాడు. ఆ మనిషి తల దించుకునేవాడు. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టి, మన వైపుకు జరిపేవాడు. ఆ జరపడంలో ఒక మర్యాద ఉండేది.

"కొండకు పొయ్యే రోజు మాత్రం ఇంట్లో పెట్టి పో, అలిపిరికాడ పట్టుకుంటారు," అని కూడా చెప్పాడు. నేను మరిచిపోయాను. సోమవారం మా వదినతో తిరుమల కొండకు పోతే అలిపిరి తనిఖీలో రెండు కత్తులూ బయటపడ్డాయి. వెనక్కి వచ్చి, అక్కడ నేను ఎప్పుడూ పూలు కొనే ఆమె దగ్గర పెట్టి పోయాను. సాయంత్రం దిగి వచ్చేసరికి ఆమె కట్టె పిడి కత్తితో మూరమూరకూ దారం తెంచుతూ కూర్చొనుంది. "ఇది నా కాడనే ఉండనీ అక్కా, చేతికి బాగుండాది," అని నవ్వుతూ ఇచ్చింది.

ఆ శనివారమే నేను మూసిన షట్టరు ముందు నిలబడ్డది.

తరువాత పది రోజులు ఏం చేయాలో నాకు తెలియలేదు. ఇంట్లో నాది కాని వస్తువు ఒకటి ఉంది. అది ఏదో చెప్పవలసిన మనిషి లేడు. కిటికీ దగ్గర రెండింటినీ తెరిచి గీతలు చూశాను. భూతద్దం పెట్టి చూశాను. ఒకసారి ఇది ఎక్కువ వాడినట్టు, ఒకసారి అది ఎక్కువ వాడినట్టు అనిపించింది. "రెండూ పెట్టుకో, ఎవరడుగుతారు?" అన్నారు మా ఇంటాయన. ఇంకో పూట, "రెండూ ఇచ్చేసి రా, పీడా పోతుంది," అన్నారు. మొదటిది దొంగతనం. రెండోది భాయ్ నాకోసం పడిన శ్రమను పారేయడం. రెండూ చేయలేకపోయాను. ఒక అంగడాయన గురించి ఇంత బాధ ఎందుకో కూడా నాకు స్పష్టంగా తెలియలేదు. నా చేతికి ఏమి కావాలని నన్నడిగిన మనిషి ఆయనొక్కడే అని మాత్రం ఆ పది రోజుల్లో తోచింది.

పదకొండో రోజు అంగడి తెరిచారని తెలిసి పోయాను. భాయ్ కుర్చీ ఖాళీగానే ఉంది. కూతురు దాని పక్కన ముక్కాలిపీట వేసుకొని కూర్చుంది. బల్లకు ఇవతల వడమాలపేట నుంచి వచ్చిన నర్సరీ పెద్దాయన, ఒక కొబ్బరి బోండాలాయన నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ రెండేసి కత్తులు.

"నేను మూణ్ణెల్లుగా రెండూ వాడతా ఉండా తల్లీ," అంటున్నాడు నర్సరీ పెద్దాయన. "భాయ్ సెప్తాడులే అని. ఇప్పుడు ఏది ఇయ్యాల?"

"నాకేం తెల్సు పెద్దాయనా? మా అబ్బా ఒక్క ముక్క రాసి పెట్లేదు," అంది ఆమె. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మూసి ఉన్నప్పుడు వచ్చిన పార్సిలు ఒకటి ఒళ్లో పెట్టుకొని దాని ముడిని గోళ్లతో పీకుతోంది. కత్తుల అంగడిలో కూర్చొని గోళ్లతో.

"ఇట్లియ్యి," అని నేను సంచిలో చెయ్యి పెట్టి కత్తి తీసి దారం కోశాను. కోసిన తరువాత చూస్తే నా చేతిలో ఉన్నది నల్ల పిడి.

"అద్దో! నీ చెయ్యి సెప్పేసిండాది గదమ్మా!" అన్నాడు నర్సరీ పెద్దాయన.

నా గుండె తేలికైంది. కట్టె పిడి కత్తి తీసి బల్ల మీద పెట్టి ఆమె వైపుకు జరిపాను. ఆమె తీసుకొని, ఏమీ ఆలోచించకుండానే, వెలుతురుకు ఎత్తింది. కళ్లు మూసుకొని చెవి దగ్గర మడిచింది.

"అమ్మా," అంది మెల్లగా, "ఈ కత్తి ఎక్కువ పని చేసిండాది. మీరు వాపసు ఇచ్చేది ఇది కాదేమో."

అప్పుడు నాకు పూలామె గుర్తొచ్చింది. రోజంతా మూరమూరకూ దారం. ఆ సంగతి చెప్పాను. నల్ల పిడి సంచిలో పైన ఉండడం వల్ల చేతికి వచ్చిందా, చెయ్యే వెతికి తీసిందా అన్నది కూడా నాకు తెలియదని చెప్పాను. బోండాలాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొంచెంసేపు ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఆ తరువాత నూనె చుక్క వేసి, ఆ పాత లుంగీ గుడ్డతో తుడిచి, కట్టె పిడిని నా వైపుకు జరిపింది.

"రెండూ తీసుకోని పోండమ్మా. ఎనిమిది రోజులాగి రాండి. కొండకు మాత్రం తీసుకోని పోవద్దండి."

పూతలపట్టు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా లోపల రెండు కత్తులూ ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి. కళ్లు మూసుకొని విన్నాను. ఏది ఏదో నాకు తెలియలేదు.