సిరా వేళ్ల మనిషి

1980 పార్లమెంటు ఎన్నికల రోజు, పొద్దున్న తొమ్మిదిన్నర. మేం వలసొచ్చిన ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, గోల్‌మురి పేట నుంచి భాలుబాసా పేటలోని బూత్‌కు టెంపోలో వెళ్తున్నాం. నలభై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఈసారి వేలిముద్ర కాదు, సంతకం పెట్టి ఓటు వేయాలని నా పట్టుదల.

"మా యప్ప సంతకం సేత్తాదట. కలెక్టరమ్మ!" అని, నన్ను అక్క వరసతో పిలిచే తోటికోడలు పైడితల్లి వెక్కిరించింది.

ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వాడు. అతని ఎడమచేతి వేళ్లన్నిటికీ ఓటు సిరా ఉంది.

"సలిలో ఏటికి తిరగడం? ఇంటికెళ్లిపో అప్పలనరసమ్మా. నీ ఓటు పడిపోనాది" అని చెప్పి దారిలో దిగిపోయాడు.

అయినా వెళ్లాను. నా పేరు మీద అప్పటికే ఎవరో వేలిముద్ర వేసేశారు.

ఇప్పటికీ బండెక్కితే ముందు ఎదుటివాళ్ల వేళ్లే చూస్తాను.

ఆ రోజు టెంపోలో ఉన్నది నేను, పైడితల్లి, బండి నడిపిన రఫీక్. నాలుగో మనిషి పేరు నాకు తెలియదు. నా పేరు మేమెవరం అతనికి చెప్పలేదు.