సత్తమ్మ గొంతుకు పెట్టిన సెట్టింగు

2022 వేసవి. గన్‌ఫౌండ్రీలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. దుకాణాల కంప్యూటర్లలోని వివరాలను క్లౌడ్ డేటాబేస్‌లోకి, అంటే ఏ బ్రాంచిలోనైనా తెరిచి చూసుకోగలిగే ఉమ్మడి రిజిస్టరులోకి, మార్చడం మా పని. ఆబిడ్స్‌లో వినికిడి మిషన్లు అమ్మే ఒక దుకాణానికి ఆ పని నేనే చేశాను. మనిషికో వరుస, అందులో అతని మిషన్ సెట్టింగులు. బాగా కట్టానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒకరోజు పొద్దున ఓనరు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్లేసరికి నాంపల్లి నుంచి వచ్చిన దంపతులు కూర్చుని ఉన్నారు. మల్లయ్య గారు రిటైరైన బస్సు కండక్టరు. భార్య సత్తమ్మకు గొంతు ఆపరేషన్ అయ్యాక గుసగుసలాంటి మాటే మిగిలింది. ఆరు రోజుల కిందట ఆయన మామూలు చెకప్‌కి వస్తే, కొత్తగా చేరిన అమ్మాయి పరీక్ష చేసి కొత్త సెట్టింగు పెట్టి పంపింది.

"హారన్లు ఇనవడ్తున్నయ్, టీవీ ఇనవడ్తుంది. ఈమె మాటనే ఇనవడ్తలేదు బిడ్డా," అన్నారాయన. "చెప్పి చెప్పి యాష్టకొచ్చి, మాట్లాడుడే బంద్ చేసింది."

పరీక్ష ప్రకారం కొత్త సెట్టింగులో తప్పు లేదు. కానీ పాతది, ఇదివరకు పనిచేసిన ఆవిడ సత్తమ్మను పక్కన కూర్చోబెట్టి మాట్లాడిస్తూ, ఆ గొంతు అందేలా పూటంతా కూర్చుని దిద్దినది. ఆవిడ ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొత్తమ్మాయి ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు.

"పాతది ఏడవెట్టిన్రు?" అని అడిగారు మల్లయ్య గారు.

"ఉండదు బాబాయ్. కొత్తది రాంగనే పాతది పోతది. నేనే అట్ల పెట్టిన," అన్నాను.

"గదేంది బిడ్డా? మా డిపోల టికెట్ నంబరు తప్పు రాస్తె గీత కొట్టి కింద రాయాలె. రుద్ది చెరిపితె మెమో ఇస్తుండె."

నాకు తల తీసేసినట్టయింది. ఇక మిగిలిన ఆశ బ్యాకప్ ఒక్కటే. ప్రమాదాలకని రోజూ తీసి దాచే నకలు అది. ఏడు రోజులు దాటితే దానంతటదే చెరిగిపోయేలా రాసింది కూడా నేనే. ఇంకో రెండు రోజులు ఓపిక పట్టి వచ్చి ఉంటే ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

అక్కడే కూర్చుని ఆ నకలును పక్కన వేరేగా తెరిచాను. గంటన్నర పట్టింది. ఆయన పేరు ఎదుట పాత అంకెలు కనిపించేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొత్తమ్మాయి వాటిని మిషన్‌లోకి ఎక్కించి ఆయన చెవికి పెట్టింది.

సత్తమ్మ ఆయన వెనక నిలబడి మెల్లగా అంది. "ఇగ పోదమా? ఆకలైతలేదా నీకు?"

ఆయన గిరుక్కున తిరిగారు. "ఔ, ఇనవడ్డది! జర మళ్లొకసారి అను."

ఆమె మళ్లీ అంది. నవ్వుతూ ఇంకోసారి కూడా అంది.

ఆ తర్వాత చాలా పెద్ద డేటాబేస్‌లే కట్టాను. దేంట్లోనూ కొత్త వరుసతో పాతదాన్ని చెరపనివ్వలేదు. తేదీ వేసి కింద రాయిస్తాను. అంత పాత సరుకు ఎందుకని మేనేజర్లు విసుక్కుంటారు. వాళ్లకు మల్లయ్య గారి డిపో సంగతి చెబుతాను. ఏ వరుసలో ఎవరి గొంతు ఉందో నాకేం తెలుసు?